వేపచెట్టులో మాంజా

మేము ఛత్తీస్‌గఢ్‌లో, గుఢియారీ వైపు రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాన్నది లోకో షెడ్డులో పని. ఇంజన్ల చప్పుడుకు అలవాటుపడి ఇంట్లోనూ ఆయన గొంతు పెద్దదే. మంచినీళ్లడిగినా పక్కింటికి వినపడేది. నాకు ఆయనంటే భయం లేదు గాని, చేరువా లేదు.

ఆ ఏడు గాలిపటాల రోజులయ్యాక మా పెరటి వేపచెట్టు నిండా తెగిన దారాలు మిగిలాయి. గాజుపొడి పూసిన మాంజా. కింద నుంచి గుంజిన చోటల్లా బెరడు కోసుకుపోయి బంక కారింది. వేసవికి చెట్టంతా చిగిర్చినా ఒక లేత కొమ్మ మాత్రం మోడుగానే ఉండిపోయింది. ఏదో తెగులనుకున్నాం.

ఒక పొద్దున గోరింకల గోల వినపడి బయటికొచ్చాం. చెట్టు తొర్రలో వాటి గూడు. అందులోంచి రెక్కలొచ్చిన పిల్ల ఒకటి తలకిందులుగా వేలాడుతోంది. గూటికని తల్లిపిట్ట దారం కూడా మోసుకెళ్లినట్టుంది, అదే పిల్ల కాలికి చుట్టుకుంది.

అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన నాన్న బట్టలైనా మార్చుకోకుండా నిచ్చెన వేశాడు.

"నా మీసాల కత్తెర అట్టుకురాయే" అన్నాడు నాతో.

పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ పరుగున వచ్చి నిచ్చెన పట్టుకుంది. "ధీరే సే, బాబూజీ" అని జాగ్రత్త చెప్పింది.

నాన్న పిల్లను అరచేతిలోకి తీసుకుని ఒక్కో పోగూ కత్తిరించసాగాడు. "ఊరుకో తల్లీ, ఊరుకో. అయిపోనాది. ఇంకొక్క పోగే" అంటున్నాడు, గుసగుసగా. ఆయనకు అలాంటి గొంతుందని నాకు తెలియదు.

కిందికి దించి చూస్తే దాని కాలు సన్నగా కోసుకుపోయింది. అమ్మ పసుపు అద్దింది.

"నడుస్తాదా నాన్నా?"

"నడవలేకపోతే ఎగురుతాది. రెక్కలున్నాయి కదే."

మళ్లీ నిచ్చెనెక్కి దాన్ని తొర్రలో పెట్టి, దిగుతూ ఆ ఎండు కొమ్మను తడిమి చూశాడు. మాంజా చుట్లు బెరడులోకి దిగిపోయి ఉన్నాయి. "తెగులు కాదే. ఉరి పడిపోనాది" అన్నాడు. ఆ కొమ్మ బతకలేదు. గోరింక పిల్ల మాత్రం కొన్నాళ్లు గోడ మీద ఒంటికాలితో గెంతి, ఒకనాడు దాని వాళ్లతో ఎగిరిపోయింది.

ఆ తర్వాత ఏటా గాలిపటాల రోజులవగానే నాన్న పొడుగాటి దోటి భుజాన వేసుకుని బయలుదేరేవాడు. వెంట నేను. "బాబూజీ, ఇధర్ భీ హై" అని, తమ చెట్టుకూ ఉందని పిలిచిన ప్రతి పెరట్లోనూ దారాలు జాగ్రత్తగా విప్పి తీసేవాళ్లం. అమ్మ వాటిని కుంపట్లో కాల్చి, గాజు రజను ఎవరి కాళ్లకూ గుచ్చుకోకుండా ఆ బూడిదను గొయ్యి తీసి పూడ్చేది.