మా ఉపదేశి గారి మూడో చాటింపు

మా ఉపదేశి గారు పోయారన్న కబురు పామర్రు నుంచి వచ్చిన పాలబండి అతను చెప్పాడు. నేను నమ్మలేదు. పాలల్లో నీళ్లు కలిపేవాడి మాట ఎలా నమ్మను? మధ్యాహ్నానికి బెజవాడ ఆసుపత్రి నుంచి వ్యాను వచ్చి చర్చి ముందు ఆగాక నమ్మాను.

ఈస్టరుకు ముందరి తపస్సుకాలం కావడంతో పీఠం మీద పువ్వులు కూడా లేవు. జనం మాత్రం నిండిపోయారు. వచ్చినవాళ్లంతా ఆయన దేవుడంతటివాడన్నారు. ఆయన బతికుండగా ఎదురుపడితే పక్క సందులోకి తప్పుకున్నవాళ్లే అందరికంటే గట్టిగా అన్నారు. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అనలేదు. అందుకే నేను ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఆ మనిషి మీద నాకు ఏళ్ల తరబడి అనుమానం ఉండేది.

మా పేటకు ఫాదర్ గారు నెలకొక్కసారి వచ్చి పూజ చేస్తారు. మిగతా ఆదివారాలన్నీ ఉపదేశి గారివే. ప్రార్థన చేయించడం, పిల్లలకు జపాలు నేర్పడం, పోయినవాళ్లను సాగనంపడం, అన్నీ ఆయన పనులే. సాయంత్రాలు గొడుగు చంకన పెట్టుకుని గడపగడపకూ తిరిగేవారు. "బిడ్డకు జ్ఞానస్నానం ఎప్పుడమ్మా? కోడలి పేరు ఓటర్లలో ఎక్కిందా?" ఈ రెండు ప్రశ్నలూ ఒకే ఊపిరిలో వచ్చేవి. మొదటిది సరే, రెండోదాంతో ఈయనకేం పని అనిపించేది నాకు. ఒకరోజు అడిగేశాను.

"మిమ్మల్ని ఏ పార్టీవాళ్లు తిప్పుతున్నారండీ?"

ఆయన నవ్వారు. "అనుమానం పాపం కాదమ్మా. అడక్కుండా కడుపులో పెట్టుకుంటే పాపం. నువ్వు అడిగేశావుగా, తీరిపోయింది."

ఆయనకు తీరిందేమో, నాకు తీరలేదు.

ఆ రోజుల్లో కామందు గారు ఎవరికి వెయ్యమంటే పేటంతా వాళ్లకే ఓటు వేసేది. ఆయన పొలాల్లోనే మా కూలి, ఆయన దయతోనే మా కౌలు. ఉపదేశి గారికి అది నచ్చేది కాదు. "దేవుడిచ్చిన బుద్ధిని తీసుకెళ్లి కామందు గారి చేతిలో పెట్టి, మళ్లీ ఇక్కడ మోకాళ్ల మీద దేన్ని ఇమ్మని అడుగుతారు?" అని ప్రార్థనయ్యాక గొణిగేవారు. తన ఓటు ఎవరికో మాత్రం ఎన్నడూ చెప్పలేదు. అది కూడా నాకు అనుమానమే.

ఈ దశాబ్దం మొదట్లో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. మా వార్డుకు మా ఆయన నిలబడ్డాడు, కామందు గారి అండతో. ఆ అండ ఎందుకొచ్చిందో నాకు తెలుసు. నాట్లు వేస్తుంటే గట్టు మీద వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం విన్నాను. కాలవ పక్కనున్న మా సమాధుల దొడ్డి మధ్యలోంచి కామందు గారి ట్రాక్టరుకు దారి కావాలి. మెంబరయ్యాక మా ఆయన దానికి అడ్డు చెప్పకూడదు. మా ఆయన తలూపాడు. నాతో పాటు వరసలో వంగున్న ఆడవాళ్లంతా విన్నారు. ఎవరూ నడుమెత్తలేదు.

మా చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చాటింపు వేస్తారు. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ పెళ్లి, అభ్యంతరం తెలిసినవాళ్లు చెప్పాలని చదువుతారు. ఆ ఆదివారం ఉపదేశి గారు ఒక పెళ్లి చాటింపు చదివి, ఆగి, మా ఆయన పేరు చదివారు.

"ఈయన మన వార్డుకు మెంబరుగా నిలబడుతున్నాడు. ఇది మొదటి చాటింపు. అభ్యంతరం ఎవరికైనా తెలిస్తే చెప్పాలి. తెలిసి దాచడం తప్పు."

జనం గొల్లున నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. అవతలి పార్టీవాళ్లు ఈయన్ని కొనేశారనుకున్నాను. లేకపోతే నాకు తెలిసిన సంగతి ఈయనకూ తెలిసింది, నా నోటితోనే చెప్పించాలని చూస్తున్నాడనుకున్నాను. ఇంటికొచ్చి మా ఆయన్ని అడిగితే, "ఆయనకు పనేం లేదు, వదిలెయ్" అని చుట్ట వెలిగించుకున్నాడు. ఊరుకోలేక ఉపదేశి గారి దగ్గరికే వెళ్లాను. ఆయన గంట తాడు పీచు లేచిపోతే ముడేస్తున్నారు.

"మా ఆయన గురించి ఏమన్నా విన్నారా అండీ?"

"నేను విన్నదాంతో ఏం పనమ్మా? నేను చదివేవాణ్ణే. నీకేమన్నా తెలుసా?"

పొయ్యి మీద అన్నం ఉందని చెప్పి వచ్చేశాను.

రెండో ఆదివారం ఎవరూ నవ్వలేదు. నాట్లప్పటి ఆడవాళ్లంతా కాలిగోళ్లు చూసుకుంటూ కూర్చున్నారు. మూడో ఆదివారం ఆయన అదే గొంతుతో అదే మాట చదివారు. ఇంక నావల్ల కాలేదు. కొంగు తల మీదికి లాక్కుని లేచాను.

"నాకు తెలుసండీ. సమాధుల దొడ్డిలోంచి ట్రాక్టరుకు దారి వదులుతానని మాటిచ్చాడు. మా అత్తగారిని అక్కడే పెట్టాం. కన్నతల్లి మీదుగా చక్రాలు తోలిస్తాడా?"

నా వెనక ఒకామె లేచి "నేనూ విన్నాను" అంది. తర్వాత ఇంకొకామె. ఉపదేశి గారు మగవాళ్ల వైపు తిరిగారు. "పెళ్లైనా అభ్యంతరం తీరిస్తే ముందుకు సాగుతుంది. ఏమంటావు నాయనా?"

మా ఆయన లేచి నిలబడ్డాడు. "దారి ఇవ్వను" అన్నాడు. వెంటనే కూర్చుండిపోయాడు.

కామందు గారు ఇంకొకణ్ణి నిలబెట్టారు. మా ఆయన ఓడిపోయాడు. సంగతి పేటంతా పొక్కిపోవడంతో గెలిచినవాడూ దొడ్డిలోంచి దారి ఇవ్వలేకపోయాడు. తర్వాతి పంటకు కౌలూ పోయింది. ఇద్దరం కూలికి వెళ్లాం. నా నోటితోనే నా సంసారంలో నిప్పులు పోయించాడని ఉపదేశి గారి మీద కక్ష పెట్టుకున్నాను. ఆయన మా ఇంటికి రావడం మానలేదు. నేను మజ్జిగ ఇచ్చేదాన్ని గాని కూర్చోమనేదాన్ని కాదు. ఆయన నిలబడే తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్లేవారు. "ఎవరు చెప్పమన్నారో ఇప్పటికైనా చెప్పండి" అని ఎన్నిసార్లు దెప్పానో. వినేవారు, గొడుగు తీసుకునేవారు.

ఇప్పుడు ఉపదేశి గారిని కూడా ఆ సమాధుల దొడ్డిలోనే పెట్టాం. ఫాదర్ గారు, జనం వెళ్లిపోయాక మా ఆయన పార పట్టుకుని అక్కడే ఉండిపోయాడు. నేను పిలిచాను. అతను తల ఎత్తలేదు.

"ఆ చాటింపు చదవమన్నది నేనేనే."

నాకు అర్థం కాలేదు. అతనే చెప్పాడు. కామందు గారి మొహం మీద కాదనలేకపోయాడట. పేటంతా అడ్డుపడితే ఆ వంకతో ఇచ్చిన మాట నుంచి తప్పుకోవచ్చని ఉపదేశి గారి కాళ్లావేళ్లా పడ్డాడట.

"మగాళ్లలో ఎవడో ఒకడు లేస్తాడనుకున్నా. నువ్వు లేస్తావనుకోలేదు. పెళ్లామే లేచేసరికి ఇదంతా మన నాటకమన్నాడు కామందు."

"మరి ఇన్నేళ్లూ ఆయన నా చేత మాటలు పడ్డాడే! ఒక్కసారన్నా చెప్పొచ్చుగా?"

"నేనే వద్దన్నా. నీకు తెలిస్తే నా మొహం చూసేదానివా?"

నాకు ఏడుపొచ్చింది. కూర్చోమని ఒక్కసారి కూడా అనని ఇంటికి ఆ మనిషి ఎన్నిసార్లు వచ్చాడు! నా భర్త పిరికితనాన్ని తన మీద వేసుకుని, నా ఎదుట దోషిలా నిలబడే మజ్జిగ తాగాడు. ఉపదేశి గారి మీద అనుమానం ఆ పూటతో తీరిపోయింది. మా ఆయన మీద కొత్తగా మొదలైంది. అది నేను అడిగి తీర్చుకుంటాను, ఉపదేశి గారు నేర్పినట్టే.

అప్పుడే కామందు గారి ట్రాక్టరు చప్పుడు వినిపించింది. అది ఇప్పటికీ కాలవగట్టు మీదుగా చుట్టూ తిరిగే వెళుతుంది. ఆ చప్పుడు దొడ్డి చుట్టూ తిరిగి అవతలి పొలాల్లోకి దిగేదాకా మా ఆయన పార పక్కనపెట్టి, కొత్త మట్టిని అరచేత్తో చదును చేస్తూనే ఉన్నాడు.