నడుమ మిగిలిన పోగు

మీరు నమ్మినా, నమ్మకపోయినా... నా పక్కన పడుకున్న పాప మీద ఒట్టు. ఇది నాకు జరిగింది.

అప్పుడు పాప కడుపులో ఉంది. మూడో నెల. అంతకుముందు ఒకసారి కడుపు నిలవలేదు. కారణం ఇదే కావచ్చని డాక్టరమ్మ స్కానింగ్‌లో చూపించింది. నా గర్భసంచి నడుమ ఒక సన్నని గోడ.

"ఆడపిల్ల తల్లి కడుపుల ఉన్నప్పుడు, గర్భసంచి అయ్యే రెండు గొట్టాలు దగ్గరికొస్తయమ్మా. కణాలు ఒకదాన్నొకటి పట్టుకుంటయి. రెండూ ఒక్కటైతయి. తర్వాత నడుమ గోడ కరిగిపోవాలె. నీకు కరగలేదు."

"ఇప్పుడు లోపలున్నది ఆడపిల్లయితే, మేడమ్?"

"అయితే ఆ గొట్టాలు కలిసే టైం ఇదే. ఊకె ఫికర్ పెట్టుకోకు."

ఎలా పెట్టుకోకుండా ఉంటాను?

ఆ సాయంత్రం కాశిబుగ్గలో మా ఇంట్లో అత్తమ్మ మగ్గం ముందు కూర్చుంది. అయిపోయిన పడుగు, అంటే నిలువు పోగుల, కొసలకు కొత్త పడుగు అతుకుతోంది. పాత పోగు, కొత్త పోగు కలిపి బూడిద అద్దిన వేళ్లతో నలిపితే చాలు... ముడి లేకుండా ఒక్కటవుతాయి. రెండంచుల నుంచీ నడుమకు అతుక్కుంటూ రావడం ఆమె అలవాటు. నేనూ ఒకటి నలిపాను. లాగగానే ఊడింది.

"డిగ్రీ చదివినవ్... గీ పోగు నీ మాట ఇంటలేదేందే!" అని నవ్వింది. ఇంతలో కరెంటు పోయింది. "పొద్దుగాల జూద్దాం, లే బిడ్డా."

రాత్రి మెలకువ వచ్చింది. సర్... సర్... వేళ్లు నలుపుతున్న చప్పుడు. పక్క మంచంలో అత్తమ్మ గురక.

మగ్గం దగ్గరికి వెళ్లాను. ఎవరూ లేరు. కిటికీలోంచి వెన్నెల. నాకు నీళ్లలో నడుస్తున్నట్టుంది... పోగులు కదులుతున్నాయి. ఇటు నుంచి ఒకటి... అటు నుంచి ఒకటి... మెల్లగా... ఒకదాన్నొకటి వెతుక్కుంటూ. తాకగానే... సర్. అప్పుడు భయం వేయలేదు. అదే ఇప్పుడు భయంగా ఉంది. కడుపు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను. తర్వాత... గుర్తులేదు.

పొద్దున అత్తమ్మ కేక.

"ఎవలు అతికిన్రే గిదంతా?"

నా వేళ్లు చూసుకున్నాను. బూడిద లేదు.

"అంత అతికి, నడుమ గీ ఒక్క పోగు ఎందుకు ఇడిచిన్రో!"

నడుమ... డాక్టరమ్మ చూపించిన గోడ గుర్తొచ్చింది. నేనే కూర్చున్నాను. బూడిద అద్దాను. నలిపాను. కళ్లు మూసుకుని లాగాను... ఊడలేదు.

ఆడపిల్లే పుట్టింది. తన లోపల ఆ గోడ కరిగిందో, ఉందో... పెద్దయ్యాకే తెలుస్తుందట.

ఇది రాస్తుంటే పాప నిద్రలో బొటనవేలు చూపుడువేలికి రుద్దుతోంది. సర్... సర్...

ఇప్పుడు ఆ వేళ్లు ఆగాయి.

చప్పుడు ఆగలేదు. మగ్గం గదిలోంచి వస్తోంది... ఇంకా ఏ పోగు మిగిలిందో.