కోడికి పొగ పెట్టిన ఆదివారం

కొత్తగా ఉద్యోగం వచ్చిన రోజుల్లో మనిషికి తనకు చేతకానిదంటూ ఉండదు. చొక్కాకు ఇస్త్రీ ఉంటుంది, జేబులో ఫోను ఉంటుంది, సాయంత్రం రాజమండ్రి నుంచి కొవ్వూరు వచ్చే బస్సు వంతెన ఎక్కితే చాలు, గోదావరి మనకోసమే మెరుస్తున్నట్టుంటుంది. ఆ రోజుల్లో నాకూ అలాగే ఉండేది. (కిటికీ పక్కన కూర్చునేది మాత్రం నేను కాదు. నాతో పాటే బ్యాంకులో చేరి, కొవ్వూరులో వాళ్ల పిన్నిగారింట్లో ఉంటున్న ఒకమ్మాయి. గోదావరిని నేను ఆ అమ్మాయి మీదుగా చూసేవాణ్ణి. అందుకే అంత బాగుండేదేమో.)

వాళ్ల నాన్నగారికి రావులపాలెం దగ్గర అరటితోటలు. కూతురికోసం భీమవరం వైపు రొయ్యల చెరువులున్న సంబంధమొకటి మనసులో పెట్టుకున్నారు. కూతురు మాట తీసెయ్యలేక, ఒక ఆదివారం మా ఇంటికొచ్చి నన్ను చూస్తానన్నారు. “నాన్న కాఫీ తాగి, కబురు చేస్తామండీ అని లేచిపోతారు. అలా అన్నారంటే కాదన్నట్టే,” అని ఆ అమ్మాయి బస్సులోనే నన్ను హెచ్చరించింది.

ఈ సంగతి మా బావకు చెప్పాను. బావ అంటే మా అక్క మొగుడు, మోటార్ల వైండింగ్ షాపు నడిపేవాడు. ప్రపంచంలో వైండింగ్ చేస్తే బాగుపడనిది లేదని ఆయన నమ్మకం. “కాఫీతో ఎందుకు వదుల్తాంరా, భోజనానికి ఆపేద్దాం. మన ఉప్పు తిన్న మనిషి మొహమ్మీద కాదనలేడు,” అన్నాడు. ఆ వంట నేనే చేస్తే ఇంక తిరుగుండదట. ఎలా చెయ్యాలో ఫోనులో వీడియో చూపించాడు. అందులో ఎవరో తెల్లదొర ఇనప పెట్టెలో మాంసం పెట్టి, మంట తగలకుండా ఒట్టి పొగతో నిదానంగా మగ్గబెడుతున్నాడు. దాని పేరు స్మోకర్ అన్నాడు బావ. పాత ఇనప డ్రమ్మును నిలువునా కోసి, మూతకు బందులు వేసి, లోపల జల్లెడ లాంటి చట్రం బిగించి, పైన గొట్టం వెల్డింగ్ చేసి, అంతటి వస్తువును శనివారానికల్లా మా పెరట్లో జామచెట్టు కింద దింపేశాడు.

“నాటుకోడి కుక్కర్లోనే మాట వినదు, పొగకి వింటుందా,” అంది అమ్మ. పక్కన ఇంకో కూర చేస్తానంటే బావ వద్దన్నాడు. “వేరే కూరుంటే దీని విలువ తెలీదండి అత్తయ్యగారూ.”

ఆదివారం పొద్దున్నే మామిడి కట్టెలు అంటించి, మీద కొబ్బరి డొక్కలు వేసి, చట్రం మీద నాటుకోళ్లు పెట్టి మూత వేశాం. పొగ బ్రహ్మాండంగా వచ్చింది. “దోమలకాండీ, పట్టపగలేనా?” అని గోడ మీంచి పక్కింటావిడ అడిగింది. “కాదండీ, కోడికండీ,” అన్నాను. ఆవిడ ఆరేసిన బట్టలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ అమ్మాయి నాన్నగారు తెల్లపంచెతో, కారులో అరటిగెలతో వచ్చారు. కాఫీ అయింది. భోజనం చేసి వెళ్లాలన్నాం. సరే అన్నారు. భోజనాల వేళ వచ్చింది, వెళ్లిపోయింది. కోళ్లు మాత్రం ఉడక్కుండా ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆయన కుర్చీ ఎటు జరిపితే పొగ అటే తిరిగింది. పొమ్మనలేక పొగ పెట్టారని అనుకుంటారేమోనని విసనకర్రతో ఆయన చుట్టూ తిరిగాను. ఇంతలో ఆ అమ్మాయి నుంచి మెసేజ్, “లేచారా?” లేదన్నాను. “తిన్నారా?” లేదన్నాను. “మరేం చేస్తున్నారు?” తలెత్తి చూస్తే ఆయన పంచె ఎగ్గట్టి డ్రమ్ము దగ్గర నిలబడి ఉన్నారు.

“పొగంతా బయటికే పోతోంది బాబూ,” అన్నారు. “మా చిన్నప్పుడు పచ్చిగెలలు గదిలో పెట్టి, పొగేసి పండించేవాళ్లం. సందు లేకుండా మూసెయ్యాలి.” కాదనడానికి ఎవరికి ధైర్యం? నేను మట్టి కలిపాను, ఆయన మూత చుట్టూ మెత్తారు, బావ గొట్టంలో తడి అరిటాకు కుక్కాడు. పొగ పూర్తిగా ఆగిపోయింది. ముగ్గురం ఎంతో తృప్తిగా చూసుకుని జామచెట్టు కింద మంచం వాల్చాం.

ఆ మధ్యాహ్నం ఎంతసేపు సాగిందో నాకు తెలీదు. గోదావరి గట్టు మీంచి చల్లటి గాలి వీస్తోంది, రైలు ఒకటి నిదానంగా వంతెన దాటుతోంది. ఆయన కళ్లు సగం మూసుకుని వాళ్ల అన్నగారి గురించి చెప్పారు. ఇద్దరూ గెలల గదికి కాపలా పడుకుని, పండీపండని కాయలు తిని, కడుపునొప్పి వస్తే తప్పు ఒకరి మీద ఒకరు చెప్పుకునేవారట. “వాడు పోయాక మళ్లీ పొగ దగ్గర కూర్చున్నది ఇవాళే,” అన్నారు. నేను తలగడ ఆయన వైపు జరిపాను. ఆయన దాని మీద వాలారు. ఆ నీడలో ఎందుకో హాయిగా ఉంది.

ఎండ తగ్గాక మట్టి రాలగొట్టి మూత తీశాం. లోపల నిప్పు ఎప్పుడు చచ్చిపోయిందో ఏమో, అంతా చల్లగా ఉంది. కోళ్లకు మసి పట్టింది తప్ప లోపల పొద్దున్న ఎంత పచ్చిగా ఉన్నాయో అంతే పచ్చిగా ఉన్నాయి. బావ గొట్టంలోని అరిటాకు పీకి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆ అమ్మాయి నాన్నగారు కోళ్లకేసి చూసి, నాకేసి చూసి, “మూత మూయించింది నేనే కదండీ,” అని మెల్లగా నవ్వడం మొదలుపెట్టారు. అమ్మ ఆ కోళ్లను కడిగి, ముక్కలు కోసి, కారం దట్టించి కుక్కర్లో పడేసింది. దీపాలు పెట్టే వేళకు అందరం వరసగా కూర్చుని తిన్నాం. ఆకలికో, ఆ పొగ వాసనకో, ఆయన మారు వడ్డించుకున్నారు.

కారెక్కుతూ నాతో, “ఈసారి వచ్చేటప్పుడు మాత్రం తినేసి వస్తాను లెండి,” అన్నారు. ఇంక సంబంధం పోయినట్టే అనుకున్నాను. కారు కదిలాక బావ మోచేత్తో పొడిచాడు. “మళ్లీ వస్తానన్నాడ్రా.”

ఇప్పుడు నేనూ బావా స్టీలు స్మోకర్ కొనుక్కున్నాం. చేపైనా కోడైనా చెప్పిన వేళకు మగ్గుతుంది, మామగారు చెప్పిన వేళకు వచ్చి, బాగుందని తిని వెళ్తారు. వాళ్ల అన్నగారి మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు. ఒక్కోసారి ఆ సాయంత్రం గేటు దగ్గర నిలబడ్డ కుర్రాడు గుర్తొస్తాడు. నుదుటి మీద మసి, కళ్లనిండా నీళ్లు (పొగకే అనుకుందాం), కారు మలుపు తిరిగి కనబడకుండా పోయినా నమస్కారం పెట్టిన చేతులు దించడం మరిచిపోయాడు. భుజం తట్టి లోపలికి తీసుకెళ్దామనిపిస్తుంది. మళ్లీ, పోనీలే, ఇంకాసేపు అలాగే ఉండనీ అనిపిస్తుంది.