చాందిని వెనకడుగు

అబ్బాస్ గుర్రమెక్కి ఏదీ నేర్పడు. నేల మీద నిలబడి, చేతిలో తాడుతోనే నేర్పుతాడు. పెళ్ళి ఊరేగింపులకు తోలే తన గుర్రం చాందినిని రోజూ పొద్దున్నే ఇబ్రహీంపట్నంలో ఇంటి వెనక జాగాలో ఆడిస్తాడు. తాడు కొంచెం కదిపితే అది వెనక్కి అడుగేయాలి. వేసిన మరుక్షణం తాడు వదులు చేస్తాడు. ఆ వదులే దానికి బెల్లం. ఎనిమిదేళ్ళలో అదెంత నాజూకుగా తయారైందంటే, తాడు మీద ఈగ వాలినా పెళ్ళికొడుకుతో సహా వెనక్కి జరుగుతుందని హయత్‌నగర్ దాకా చెప్పుకుంటారు.

ఈ ఎండాకాలం నుంచి అబ్బాస్ కుడిచెయ్యి వణుకుతోంది. ఇవాళ తాడు పట్టుకోగానే చాందిని ఒకడుగు వెనక్కి వేసింది. తర్వాత మరొకటి, ఇంకొకటి. ఎడమచేత్తో పట్టాడు. అదీ వణికింది. తోక గోడకు ఆనినా గుర్రం చెవులు అతని వైపే నిక్కించి, ఇంకా వెనక్కే పోవాలని చూస్తోంది.

"ఏంది అబ్బాస్ భాయ్, రివర్స్ గేరు పడ్డదా?" గోడ మీంచి నవ్వాడు పక్కింటి కాశయ్య.

"దాని తప్పేం లేదు కాశయ్యా. నేను చెప్పినట్టే ఇంటున్నది. జర నువ్వొచ్చి పట్టు."

ఏనాడూ గుర్రాన్ని ముట్టని కాశయ్య వచ్చి, భయపడుతూనే తాడందుకున్నాడు. చాందిని ఆగింది. తల దించి, కుదురుగా నిలబడింది.

"మంచిగ పట్టినవ్," అన్నాడు అబ్బాస్, రెండు చేతులూ చంకల్లో దాచుకుంటూ.