మా మేనత్త మామిడికాయ తినని సీను

మా మేనత్త టీవీ సీరియల్లో మామిడికాయ తినడం మర్చిపోయిందని మా పక్కనున్న చండ్రుగొండలో కొందరు అనుకుంటున్నారు. ఆమె మర్చిపోలేదు. ఈ సంగతి బస్టాండులో ఎంతమందికని చెప్పను? అందుకే రాసి పెడుతున్నాను. పైగా ఆ మాట పుట్టడంలో సగం తప్పు నాది.

నేను ఏడో తరగతితో బడి ఆపాను. బోరు మోటార్లు, జనరేటర్లు బాగుచేస్తాను. మిగతా చదువంతా చండ్రుగొండ గ్రంథాలయంలోనే అయింది. అక్కడున్న మూడు బీరువాలూ పూర్తి చేశాను, హోమియోపతి పుస్తకాలతో సహా. ఒక నవలనైతే పదకొండుసార్లు ఇంటికి తెచ్చుకున్నాను. కోడలితో పన్నెండేళ్లు మాట్లాడని ముసలమ్మ ఒకామె అందులో చివర ఒకే ఒక్కసారి కనపడుతుంది. 143వ పేజీలో. పచ్చి మామిడికాయ పగలగొట్టి, సగం తాను తిని, సగం కోడలి చేతిలో పెడుతుంది. మాటలుండవు.

ఆ నవలను ఆరు భాగాల సీరియల్‌గా తీస్తామని హైదరాబాదు నుంచి టీవీ వాళ్లు వచ్చారు. కథ జరిగేది మైదాన ప్రాంతంలో. అడవి చూడ్డానికి బాగుంటుందని దాన్ని మా ఊరికి మార్చారు. వాళ్ల జనరేటర్ ఆగిపోతే నన్ను పిలిచారు. మాటల్లో దర్శకుడు మామిడికాయ సీను తీసేశామన్నాడు. జనరేటర్‌ను విప్పింది విప్పినట్టే వదిలి, ఇంటికెళ్లి పుస్తకం తెచ్చి పేజీ చూపించాను. ఆ పేజీ లేకపోతే మిగిలేది మాట్లాడుకోని అత్తాకోడళ్ల కథేనని, అలాంటివాళ్లను చూడ్డానికి టీవీ అక్కర్లేదని చెప్పాను. ఆయన సీను మళ్లీ పెట్టాడు. ముసలమ్మ వేషానికి మా మేనత్తను ఎంచుకున్నాడు. ఆమె సగం కాయ తింటుందని నేను గ్రంథాలయానికి వచ్చేవాళ్లందరికీ నెల రోజులు చెప్పుకున్నాను. ఆమె వారం రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకుండా అభ్యాసం చేసింది.

షూటింగ్ రోజు ఖమ్మం మార్కెట్ నుంచి తెచ్చిన కాయ చేతికిచ్చారు. అత్త దాన్ని ఒళ్లో పెట్టుకుంది.

"పండుగ కాలేదు గద, అల్లుడా."

మా ఊళ్లో కొత్త మామిడికాయను దేవతకు పెట్టి, పండుగ చేసుకున్నాకే ఎవరైనా నోట్లో పెట్టుకుంటారు. దానికింకా తొమ్మిది రోజులుంది. ఆ ఏడు నేనూ అప్పటికింకా కాయ కొరకలేదు. ఆ పేజీ పదకొండుసార్లు చదివాను, ఆ పండుగ నలభైసార్లు చేసుకున్నాను. ఒకదాన్ని చూస్తే ఇంకోటి ఒక్కసారీ గుర్తుకు రాలేదు.

పండుగ దాకా ఆగడం కుదరదన్నాడు దర్శకుడు. మర్నాడే పర్ణశాల ఊళ్లో వేరే షూటింగ్ ఉంది. ఆలుగడ్డను కాయలాగా చెక్కి రంగు వేస్తానన్నాడు అసిస్టెంటు. అత్త అతన్ని జాలిగా చూసింది.

"ఆలుగడ్డని నీకెరుక, నాకెరుక. టీవీల మా ఊరోళ్లకు కనవడేది మామిడికాయనే గద, బిడ్డా."

దర్శకుడు ఖమ్మం నుంచి వేరే ఆమెను పిలిపిస్తానని ఫోన్ తీశాడు. అత్త కొంగు సర్దుకుంది గానీ కుర్చీలోంచి లేవలేదు. నన్ను ఆ పేజీ చదవమంది. చదివాను. మళ్లీ చదవమంది.

"గీ ముసల్ది పన్నెండేండ్లకు కోడలి చేతుల ఒకటి పెట్టింది. గదే గద కథ? ఈమె తినుడెందుకు?"

పదకొండుసార్లు చదివిన పుస్తకాన్ని మూసేశాను. కాయ మన చెట్టుది కాదు కాబట్టి ఇస్తే తప్పులేదని కూడా ఆమే తేల్చింది. దర్శకుడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

అత్త కాయను ముక్కు దాకా తెచ్చింది, ఆగింది, మొత్తం కాయ కోడలి చేతిలో పెట్టింది. కోడలి వేషం వేసినామెది హైదరాబాదు. మా పండుగతో పనిలేదు కాబట్టి కొరికింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. దర్శకుడు నటన బాగుందన్నాడు. కాయ పులుపని నా అనుమానం.

సీరియల్ వచ్చాక మా ఊళ్లో ఎవరూ ఏమీ అడగలేదు. సగం తింటుందని నా నోట విన్న చండ్రుగొండ వాళ్లే మర్చిపోయిందన్నారు.

ఈ కాగితాలను నవలలో 143వ పేజీ దగ్గర ఉంచడానికి ఒప్పుకున్న గ్రంథపాలకురాలికి, ఆలుగడ్డ చెక్కకుండా ఆగిన అసిస్టెంటుకు, ఫోన్ చేయని దర్శకుడికి, పుల్లటి కాయ తిన్న కోడలికి కృతజ్ఞతలు. పేర్లు రాయొద్దని మా అత్త చెప్పింది. ఆమెకూ కృతజ్ఞతలు. తొమ్మిదో రోజు పండుగలో ఆమె మామిడికాయ తిన్నది, మొత్తం తిన్నది. అక్కడ కెమెరా లేదు. నేను చూశాను.