ఊరంతటి చేతా చేతులెత్తించిన మా మిరియం వదిన

మా మిరియం వదినకి మనిషి కనబడితే చాలు, రెండు చేతులూ పైకెత్తించాలి. పోలీసులు కూడా అంతమంది చేత ఎత్తించి ఉండరు. ఒకసారి అనకాపల్లి బస్సులో అందరి చేతా ఎత్తిస్తే, టిక్కెట్ల చెకింగుకి ఎక్కినవాళ్లు, ఎవరో బస్సుని ఎత్తుకుపోతున్నారనుకుని దూకేశారు. నేను కళ్లారా చూశాను, నమ్మితే నమ్మండి.

వదిన చోడవరంలో ఫిజియోథెరపిస్టు. చేతులెత్తించి, గుప్పిళ్లు మూసి తెరవమంటుంది. ఎవరి చెయ్యి తిమ్మిరెక్కి వాలిపోతే, వాళ్లకి భుజం దగ్గర నరం నొక్కుకుపోతోందేమోనని ఆమె అనుమానం. ఇంటర్లోనే చదువు మానేసిన నాకే ఇది కంఠతా వచ్చేసింది.

చర్చిలో అందరూ చేతులెత్తి, కళ్లు మూసుకుని పాడతారు. వదిన మాత్రం కళ్లు మూయదు. పాస్టరమ్మగారు స్వర్ణకుమారి అడిగితే, "మీరు మూసుకోండమ్మా, నేను కాపలా కాస్తాను" అంది.

మా చర్చిలో డోలక్ యెహోషువది. సీజన్లో గోవాడ ఫ్యాక్టరీకి వెళ్లే చెరకు మోపులు మోస్తాడు. మొన్నటి సీజన్లో అతని కుడిచెయ్యి డోలక్ మీద తడబడసాగింది. తాగి వస్తున్నాడన్నారు. డోలక్ ఇంకొకరికి ఇచ్చేద్దామని సంఘపెద్దలు అనేసుకున్నారు కూడా. పక్షవాతమంటారేమోనని అతనికి లోపల భయం. వదినని చూస్తే సందు మార్చేసేవాడు.

ఆ ఆదివారం వదిన లేచి, డోలక్ లేకుండా ఒక పాట పాడదామంది. అందరూ చేతులెత్తి గుప్పిళ్లు ఆడించాలంది. పాస్టరుగారితో సహా ఎత్తారు. పాట సగంలో యెహోషువ కుడిచెయ్యి వాలిపోయింది. మరుక్షణం వదిన తన చెయ్యీ దించేసి నావైపు ఉరిమి చూసింది. సాయంత్రం దాకా ఎత్తి ఉంచగల వీరుణ్ణి నేను. అయినా దించేశాను. నన్ను చూసి వెనక వరసలన్నీ దించేశాయి.

తర్వాత అతన్ని విశాఖ పంపి నరాల పరీక్ష చేయించింది. పక్షవాతం కాదని తేలింది.

"మోపు ఎప్పుడూ ఆ బుజం మీదే ఏస్తన్నావు. నరం నలిగిపోతంది. కొన్నాళ్లు మోపులు మానీ, నేను సెప్పినట్టు ఎక్సర్‌సైజులు సెయ్యి" అంది. మేస్త్రీతో పోట్లాడి మోత లేని పని కూడా ఇప్పించింది.

ఒక్కడి కోసం ఊరందర్నీ ఎందుకు వేపుకు తింటావని అడిగాను.

"ఒక్కడి సేతే ఎత్తిస్తే ఆడికి రోగవంటారు. అందరి సేతా ఎత్తిస్తే నాకు పిచ్చంటారు. నీకేటి నష్టం?"

ఈస్టరుకి యెహోషువ వాయించిన డోలక్ చీడికాడ కొండల దాకా వినబడింది. అతని చెయ్యి బాగుచేసిన డాక్టరమ్మ మా వదినేనని పక్కవాళ్లందరికీ చెప్పుకుని, గర్వంగా చేతులెత్తి పాడుతున్నాను. వెనకనుంచి గుసగుస.

"ఎడం సెయ్యి వంగింది, రోషన్ బాబూ. రేపొకసారి రా."