చెత్తబుట్టలో సోడియం

మా ఆయన్ని స్కూల్లో పిల్లలు సోడియం సారు అంటారు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. నేనూ అదే స్కూల్లో లెక్కలు చెప్తాను కాబట్టి నన్ను సోడియం మేడమ్ అంటారనీ తెలుసు. కెమిస్ట్రీ చెప్పీ చెప్పీ మనిషి ఆ మూలకాల పట్టికలోనే కాపురం పెట్టేశాడు. వంటింట్లో ఉప్పు డబ్బా అందించమంటే "సోడియం క్లోరైడా?" అని అడిగి మరీ ఇస్తాడు. నాకు ఒళ్ళు మండుతుంది.

ఆయనకి పట్టికలో మూడో వరుస పాఠమంటే ప్రాణం. సోడియం నుంచి ఆర్గాన్ దాకా ఒక్కో మూలకాన్నీ ఇంటికొచ్చిన చుట్టాన్ని పరిచయం చేసినట్టు చెప్తాడు. సోడియం కోపిష్టి అల్లుడు, నీటిచుక్క తగిలితే చాలు భగ్గుమంటాడు. మెగ్నీషియం నింపాది మనిషి, నీళ్ళు వేడెక్కితే గానీ కదలడు. అల్యూమినియం గోడమీద పిల్లి, దాని ఆక్సైడు ఆమ్లంతోనూ కలుస్తుంది, క్షారంతోనూ కలుస్తుంది. సిలికాన్ పూర్తిగా లోహమూ కాదు, అలాగని కాకుండానూ పోదు. ఫాస్ఫరస్‌నీ గంధకాన్నీ కాల్చి ఆ పొగ నీళ్ళలో కలిపితే నీలం లిట్మస్ కాగితం ఎర్రబడుతుంది. సోడియం వేసిన నీళ్ళలో ఎర్ర కాగితం నీలమవుతుంది. క్లోరిన్ ఎవరి దగ్గర ఏం లాక్కుందామా అని చూసే రకం. ఆర్గాన్‌కి ఎవరితోనూ మాటల్లేవు. "ఎడమ నుంచి కుడికి వెళ్ళేకొద్దీ ఎలక్ట్రాన్లు ఇచ్చేవాళ్ళు తగ్గి, పుచ్చుకునేవాళ్ళు పెరుగుతార్రా" అంటాడు. పిల్లలు విరగబడి నవ్వుతారు.

నవ్వులన్నీ అయ్యాక గొంతు మార్చి ఒక మాట చెప్తాడు. కిరసనాయిల్లోంచి తీసి కోసిన సోడియం ముక్కల్లో ఎంత చిన్న పొట్టు మిగిలినా స్పిరిట్లో వేసి కరిగించాలి, చచ్చినా చెత్తబుట్టలో వెయ్యకూడదు. పిల్లలచేత ఆ మాట గట్టిగా చెప్పిస్తాడు కూడా. పక్క క్లాసులో ఉన్న నాకు వినిపిస్తుంది.

ఈ ఏడు ఆ పాఠం భోజనాల బెల్లు ముందు పడింది. గాజుతొట్టిలో సోడియం బుస్సుమని పరుగెత్తింది, పిల్లలు చప్పట్లు కొట్టారు, బెల్లు మోగింది. మిగిలిన పొట్టుంది. స్పిరిట్ బీరువాలో ఉంది, బీరువా తాళం స్టాఫ్ రూములో ఉంది, మా ఆయనకి ఆకలి కడుపులో ఉంది. పైన తెల్లగా పట్టిన పొరే కదా, ఇందులో ఇంకేముంటుందిలే అనుకుని కాగితంలో చుట్టి బుట్టలో పడేశాడు.

మధ్యాహ్నం ఆయమ్మ ల్యాబు తుడవడానికి వచ్చింది. మా స్కూల్లో ఊడ్చేదీ, తుడిచేదీ, టీ కాచేదీ ఆవిడే. మొగుడు లేడు, పెళ్ళికాని చెల్లెల్ని సాకుతోంది. బల్లలు తుడిచి తుడిచి చిరిగిపోయిన తడిగుడ్డ ఒకటి ఆ బుట్టలో విసిరింది. ఢామ్మని పేలింది. తీసేద్దామని చెయ్యి పెట్టిందేమో, కుడిచేతి వేళ్ళు కాలిపోయాయి. కిటికీ తెర సగం మాడిపోయింది.

మా హెడ్మిస్ట్రెస్ పెద్ద మేడమ్ పరుగున వచ్చింది. ఆయమ్మ నడుమున అగ్గిపెట్టె కనబడింది. టీ స్టవ్వు వెలిగించేది ఆవిడే, అగ్గిపెట్టె లేకపోతే ఎలా? కానీ లోగడ ఒకసారి స్కూలు వెనక చెత్త తగలబెట్టి తిట్లు తిని ఉంది. ఇంకేం, చెత్త మేడ మీంచి కిందికి మోయలేక ఇక్కడే అంటించిందని తేల్చేశారు.

"నేను అగ్గిపుల్ల గియ్యలేదమ్మా, ఒట్టు!" అని ఆయమ్మ ఏడుస్తోంది.

పెద్ద మేడమ్ మా ఆయన వైపు తిరిగింది. "మాస్టారూ, మీరేమైనా మండే సరుకు బయట వదిలేశారా?"

"లేదండీ. అన్నీ బీరువాలోనే ఉన్నాయి" అన్నాడు మా ఆయన.

"రేపట్నుంచి పనికి రాకు" అంది ఆవిడ ఆయమ్మతో.

ఇంటికొచ్చాక మనిషి కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాడు. నాకు అనుమానం వచ్చింది. "ఆ మిగిలిన పొట్టు ఏం చేశారు?" అన్నాను. తల ఎత్తలేదు. చెప్పాడు.

"ఛీ! కంచే చేను మేసిందన్నమాట" అన్నాను. "అడిగినప్పుడు నోరు పడిపోయిందా?"

"అందరూ చూస్తున్నారే. పిల్లలు తలుపు దగ్గరున్నారు. సోడియం సారు సోడియం బుట్టలో వేశాడంటే... తల కొట్టేసినట్టయింది. నా నోరు నాకంటే ముందే అబద్ధం చెప్పేసింది."

జాలి వేసింది, కోపమూ వచ్చింది. కోపాన్నే పైకి తీశాను. "ఆయమ్మ బువ్వ పోతోంది. మీ తల తర్వాత చూసుకుందురుగాని."

పొద్దున్నే ఇద్దరం పెద్ద మేడమ్ గదికి వెళ్ళాం. ఆయన ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆవిడ నవ్వింది! "మీది మరీ వెన్నలాంటి మనసు మాస్టారూ. దాన్ని కాపాడడానికి నెత్తిన వేసుకుంటున్నారు."

"కాదండీ, నిజంగా నేనే."

"సరే, మీరే అనుకుందాం. పొరపాట్లు ఎవరికి జరగవు? మీ ముఖం చూసి ఈసారికి రమ్మంటాన్లెండి. కూర్చోండి, టీ తాగుదురుగాని."

అదే తప్పు ఆయమ్మ చేసిందనుకుంటే పని పోయింది. మా ఆయన చేశాడంటే టీ వచ్చింది. నాకే సిగ్గేసింది, ఇక ఆయన సంగతి చెప్పాలా? కప్పు ముట్టుకోకుండా లేచి వచ్చేశాడు.

కబురందుకుని ఆయమ్మ వచ్చింది, చేతికి కట్టుతో. వరండాలోనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మీరు చల్లగుండాలి సారూ. చేయని తప్పు మీదేసుకున్నారంట. చచ్చి మీ కడుపున పుడతా."

"నేను చేసిన తప్పేనమ్మా అది."

"ఊరుకోండి సారూ! మీలాంటోళ్ళు అట్టాంటి పని చేస్తారా? నన్ను నమ్మమంటారా?"

ఆయన ఆవిణ్ణి ల్యాబులోకి తీసుకెళ్ళాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. బీరువా తీసి, బియ్యపుగింజంత సోడియం కోసి, ఆవిణ్ణి దూరంగా నిలబెట్టి, గాజుతొట్టిలో పరిచిన తడిగుడ్డ మీద వేశాడు. పసుప్పచ్చగా భగ్గుమంది. ఆయమ్మ కట్టు కట్టిన చేతిని గుండెలకి అదుముకుంది.

"ఇదే బుట్టలో పడేశాను" అన్నాడు.

ఆవిడ తొట్టి దగ్గరికొచ్చి మాడిన గుడ్డని వంగి చూసింది.

"తడి తగిలితే అంటుకుంటదని మీకు తెలుసా సారూ?"

"తెలుసమ్మా. ఏటా పిల్లలకి చెప్తాను."

"పెద్ద మేడమ్ నన్ను తిడతా మిమ్మల్ని అడిగినప్పుడు కూడా తెలుసా?"

"తెలుసు."

ఆయమ్మ కళ్ళు తుడుచుకుంది. తిట్టలేదు, తిట్టినా బాగుండేది. మూలనున్న చీపురు ఎడమచేత్తో అందుకుంది.

"పక్కకి జరగండి," అంది, "ఊడవాలి."

ఆయన జరిగాడు.